ఏ పిల్ల ఏ ఇంటికి



మా కుక్క రోజీ పిల్లలు పెట్టిన నాలుగో రోజు నుంచే మా ఇంట్లో ఫోను మోగడం మొదలైంది. అప్పటికి అవి కళ్లైనా తెరవలేదు. ఒక్కొక్కటి దోసిట్లో పట్టేంత. ఫోన్ చేసినవాళ్లు అడిగినవి మూడే ప్రశ్నలు. మగవెన్ని? తెల్లవి ఉన్నాయా? ఎంతకిస్తారు? ఒకాయన మాత్రం నాలుగోది కూడా అడిగారు. "సంక్రాంతికి మనవలొస్తున్నారండీ, భోగి నాటికి అందుతుందా?" అని. తల్లి ఎలాంటిది, ఏ పిల్ల గుణం ఏమిటి అని అడిగినవారు ఆ వారంలో ఒక్కరూ లేరు.

తప్పు పట్టడం లేదు. చీర కొనడానికి వెళ్లినా మనం ముందు రంగే చూస్తాం. కాకపోతే చీర పదీ పన్నెండేళ్లు మన కాళ్ల చుట్టూ తిరగదు.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషిని. అందులో ఎక్కువ కాలం అప్పుల సీట్లో గడిచింది. రాజమండ్రి దానవాయిపేటలో ఇల్లు. పెరట్లో ఒక మామిడిచెట్టు, ఒక బావి, ఒక ల్యాబ్రడార్. నన్ను బ్రీడర్ అంటే మావారు నవ్వుతారు. రోజీ మొత్తం మీద ఈనింది రెండే ఈతలు. అయినా చట్టం దృష్టిలో నేనూ బ్రీడర్‌నే. కుక్కల పెంపకం, అమ్మకం మీద కేంద్ర ప్రభుత్వం 2017లో నిబంధనలు తెచ్చింది. పిల్లల్ని పెట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఈ రెండో ముక్క వినగానే చాలామంది నా మొహం వంక వింతగా చూస్తారు. "అదేమిటండీ, ఫలానా చోట ముప్పై రోజులకే ఇచ్చేస్తున్నారు కదా!" అంటారు.

ఇచ్చేస్తున్న మాట నిజమే. పాలు మరిచి అన్నం నాకడం మొదలుపెట్టగానే పంపేస్తే వాళ్లకు మేత ఖర్చు కలిసొస్తుంది. కొనేవాళ్లకు బొమ్మలా ముద్దుగా ఉన్న పిల్ల దొరుకుతుంది. నష్టపోయేది ఆ పిల్లే. నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం దాకా దానికి బడి అంటే తోబుట్టువులే. ఒకటి ఇంకోదాని చెవి పట్టుకుని గట్టిగా కొరికిందనుకోండి, రెండోది కుయ్యోమని అరిచి ఆట మానేసి పోతుంది. కొరికినదానికి ఆట పోయింది. ఇలా రోజుకు వందసార్లు జరిగితే గానీ పంటికి ఎంత బరువు పెట్టవచ్చో దానికి తెలియదు. తల్లి కూడా ఊరుకోదు. పాలిచ్చి ఇచ్చి విసిగి, ఒకరోజు గుర్రుమంటుంది. వద్దంటే వద్దని అర్థం అక్కడే పడుతుంది. ముప్పై రోజులకే వచ్చేసిన పిల్ల ఈ పాఠాలన్నీ మీ పిల్లాడి వేళ్ల మీద నేర్చుకుంటుంది. అప్పుడు మీరు "జాతి మంచిది కాదు" అంటారు.

ఇక అసలు విషయానికి వస్తాను. రోజీ రెండో ఈతలో ఏడు పిల్లలు. నాలుగు మగ, మూడు ఆడ. కార్తీక మాసం, వెనక గదిలో, తెల్లవారుజామున. ఏడూ లేత పసుపే. ఫోనుల్లో అడిగే తెల్ల ల్యాబ్రడార్ అనే రంగు నిజానికి లేదు. నలుపు, పసుపు, చాక్లెట్, ఇవే మూడు. బాగా పాలిపోయిన పసుపును మనం తెలుపంటున్నాం. ఏడూ ఒకేలా ఉంటే గుర్తుపట్టేదెలా? మెడకు ఒక్కొక్క రంగు ఊలుదారం కట్టాను. పిల్లలు పెరిగే వేగానికి ఆ దారం నాలుగు రోజులకే బిగుసుకుంటుంది. చూసుకుని విప్పి కడుతూ ఉండాలి. వంటింటి కాటా మీద రోజూ పొద్దున్నే తూచి, బ్యాంకులో మిగిలిపోయిన ఒక పాత లెడ్జర్లో రాసేదాన్ని. పుట్టినప్పుడు నాలుగువందల గ్రాములున్న పిల్ల పదిరోజులకు అటూ ఇటూగా రెండింతలు కావాలి. బరువు పెరగలేదంటే ఏదో తేడా ఉన్నట్టే. మొదటి మూడు వారాలూ నా లెడ్జర్లో అంకెలే. ఆ తర్వాతే మాటలు మొదలయ్యాయి.

ఎందుకంటే అప్పటిదాకా వాటికి లోకం లేదు. కళ్లు తెరవడానికే పది, పన్నెండు రోజులు పడుతుంది. చెవులు ఇంకో నాలుగైదు రోజులకు తెరుచుకుంటాయి. అమెరికాలో బార్ హార్బర్ అనే ఊళ్లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఐదు జాతుల కుక్కల్ని ఏళ్ల తరబడి పెంచి, గమనించి, 1965లో పుస్తకం వేశారు. వాళ్లు తేల్చిన విషయాల్లో నాకు బాగా పనికొచ్చింది ఒకటుంది. మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం దాకా ఉన్న కాలంలో కుక్కపిల్ల ఏం చూస్తే, ఏం వింటే, ఎవరి చేతుల్లో తిరిగితే, అదంతా తనవాళ్ల కింద, తన లోకం కింద జమ కట్టుకుంటుంది. ఆ కాలంలో మనిషి మొహం చూడని పిల్ల ఆ తర్వాత మనిషిని చూస్తే బెదురుతుంది. అంటే పిల్ల మా ఇంట్లో ఉండే చివరి ఐదు వారాలూ జీవితానికి సగం పునాది. మిగతా సగం కొనుక్కున్నవారి మొదటి నెలలో పడుతుంది.

మా అదృష్టమేమిటంటే ఆ ఐదు వారాల్లో ఎక్కువ భాగం ధనుర్మాసంలో పడింది. మన గోదావరి జిల్లాల్లో ధనుర్మాసం అంటే మాటలా! తెల్లారకుండానే గుడి మైకు. ఆపైన హరిదాసు చిడతలు, తంబుర. పగలు గంగిరెద్దులవాళ్ల సన్నాయి, డోలు. మధ్యలో మా ఇంటి కుక్కర్ విజిలు, మిక్సీ. ఇంతకంటే మంచి పరీక్ష హాలు ఏ దేశంలో దొరుకుతుంది?

గంగిరెద్దు మా గేటు ముందుకొచ్చి సన్నాయి అందుకున్న రోజు నాకు బాగా గుర్తు. ఏడూ బెదిరాయి. బెదరడం తప్పేమీ కాదు, బెదరకపోతేనే చెవులు పరీక్ష చేయించాలి. నేను చూసేది బెదురు కాదు, తేరుకోవడం. నీలిదారం ఆడపిల్ల ఎగిరిపడి, మూడు ఊపిరులు తీసేలోపు మళ్లీ వచ్చి నా పాదం మీద కూర్చుని గేటు వైపు చూసింది. ఆకుపచ్చ దారం మగది ఒక్క అడుగు వెనక్కి వేసి, ఆ అడుగుకు సిగ్గుపడ్డట్టు గేటు మీదికి ఉరికింది. ఎర్రదారం మాత్రం బట్టలుతికే రాయి వెనక్కి దూరి, గంగిరెద్దు మూడో వీధికి వెళ్లిపోయాక కూడా బయటికి రాలేదు. అన్నం గిన్నె చప్పుడు చేసినా రాలేదు. ఆ రోజు లెడ్జర్లో రాసుకున్నాను, "ఎరుపు: చిన్నపిల్లలున్న ఇంటికి వద్దు. మెయిన్ రోడ్డు మీది ఇంటికి వద్దు."

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. కుక్కపిల్లల విషయంలో అది సగమే నిజం. అమెరికాలో వోల్‌హార్డ్ దంపతులు రూపొందించిన పరీక్ష ఒకటి బాగా ప్రచారంలో ఉంది. 49వ రోజున, పిల్లకు తెలియని చోట, తెలియని మనిషి చేతిలో పెట్టి చేస్తారు. పిలిస్తే వస్తుందా, వెంట నడుస్తుందా, వెల్లకిలా పడుకోబెడితే ఎంతసేపు గింజుకుంటుంది, కాగితం ఉండ విసిరితే తెస్తుందా, ఇలాంటివి చూసి మార్కులు వేస్తారు. చదివినప్పుడు నాకు భలే అనిపించింది. తర్వాత ఇంకొకటి చదివాను. స్వీడన్లో 600కు పైగా జర్మన్ షెపర్డ్ పిల్లల్ని ఎనిమిది వారాల వయసులో పరీక్షించి, పెద్దయ్యాక మళ్లీ చూసి, 1998లో ఫలితాలు ప్రకటించారు. పిల్లప్పటి మార్కులను బట్టి పెద్దయ్యాక అది ఉద్యోగానికి పనికొస్తుందో రాదో చెప్పలేకపోయారు. ఒక్కరోజు పరీక్ష ఒక్కరోజు పరీక్షే. ఆ పూట అరగని పిల్ల, నిద్రమత్తులో ఉన్న పిల్ల ఫెయిలవుతుంది. అందుకే నాకు పరీక్ష కంటే లెడ్జరు మీద నమ్మకం ఎక్కువ. ఐదు వారాలు రోజూ రాసుకున్నా నాకు తెలిసేది పిల్ల పెద్దయ్యాక ఏమవుతుందో కాదు, ఏ ఇంట్లో పడితే దానికి కష్టమో అది మాత్రమే. అంతమాత్రం చాలు.

పిల్లల్ని చూడటానికి వచ్చేవాళ్లందరికీ ఒక భ్రమ ఉంటుంది. ఆదివారం సాయంత్రం గేటు తీసుకుని లోపలికి రాగానే ఒక పిల్ల పరుగెత్తుకొచ్చి కాళ్లు నాకుతుంది. ఇంటిల్లిపాది మొహాలూ వెలిగిపోతాయి. "అదిగో చూశారా, అదే మమ్మల్ని ఎంచుకుంది!" అంటారు. ఆ పిల్ల మా ఆకుపచ్చ దారం. అదే ఆదివారం పొద్దుటి నుంచి అది నాలుగు కుటుంబాలను, ఒక పాలవాడిని, కరెంటు మీటరు చూడటానికి వచ్చిన కుర్రాడిని ఎంచుకుంది. మూలన కళ్లు మూసుకుని ఉన్న తెల్లదారాన్ని చూసి "పాపం, నీరసంగా ఉంది" అన్నవాళ్లూ ఉన్నారు. దానికి నీరసమూ లేదు, గీరసమూ లేదు. అప్పుడే పొట్టనిండా తిని పడుకుంది. అరగంట చూసి పిల్లను ఎంచుకోవడమంటే పెళ్లిచూపుల్లో ఉప్మా తిని సంబంధం ఖాయం చేసుకోవడమే. చూసినవాళ్ల కంటే పెంచినవాళ్లకు ఎక్కువ తెలుసు. అందుకే మా ఇంట్లో పిల్లను ఎంచుకునేది కొనేవాళ్లు కాదు, నేను. ఈ మాట వినగానే కొందరు లేచి వెళ్లిపోయారు. వెళ్లనిచ్చాను.

పిల్లల సంగతి అలా ఉంచి, ఇళ్ల సంగతి చెబుతాను. బ్యాంకులో అప్పుకు వచ్చినవాణ్ని "తీర్చగలవా?" అని అడిగితే "ఎందుకు తీర్చలేనండీ" అంటాడు. ఆ ప్రశ్న దండగ. అలాగే "కుక్కను బాగా చూసుకుంటారా?" అన్నదీ దండగే. నేను అడిగేది ఒక్కటే. "నిన్న మీ ఇంట్లో పొద్దున్న ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా ఏం జరిగిందో చెప్పండి." మొదట తికమకపడతారు. తర్వాత చెప్పడం మొదలుపెడతారు. ఏడున్నరకు స్కూలు బస్సు, ఎనిమిదిన్నరకు ఆయన ఆఫీసు, తొమ్మిదికి ఆవిడ కాలేజీ, తొమ్మిది నుంచి సాయంత్రం అయిదున్నర దాకా ఇంటికి తాళం. చెబుతూ చెబుతూ ఆ తాళం దగ్గర వాళ్లే ఆగిపోతారు. రెండు నెలల పిల్ల నాలుగుసార్లు తినాలి, రెండు గంటలకోసారి బయటికి వెళ్లాలి. నేను వద్దనక్కర్లేదు, లెక్క వాళ్లకే తెలిసిపోతుంది.

మన తెలుగు ఇళ్లలో అడిగి తీరాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. "వచ్చే రెండేళ్లలో మీ ఇంట్లో ఎవరైనా అమెరికా వెళ్తున్నారా?" నవ్వకండి. కోడలి పురిటికనో, మనవడి బారసాలకనో తల్లిదండ్రులు ఆరు నెలలు వెళ్తారు. ఆ ఆరు నెలలూ కుక్క ఎక్కడ? "చూద్దాంలెండి" అన్న జవాబు నా దగ్గర చెల్లదు.

కోనసీమ నుంచి ఒక పెద్ద దంపతుల కోసం ఫోన్ వచ్చింది. చేసింది వాళ్లు కాదు, డల్లాస్‌లో ఉన్న కొడుకు. "అమ్మానాన్నా ఒంటరిగా ఉన్నారాంటీ, తోడుగా ఒక పిల్లను పంపుదామని. డబ్బు ఇప్పుడే పంపిస్తాను" అన్నాడు. మంచి కొడుకే. "బాబూ, అమ్మగారిని ఒకసారి మాట్లాడనివ్వు" అన్నాను. మర్నాడు ఆవిడే చేసింది. గొంతు తగ్గించి, "మోకాళ్లు రెండూ ఆపరేషన్ చేయించుకున్నానమ్మా. వాడి మనసు కష్టపెట్టలేక సరేనన్నాను" అంది. ల్యాబ్రడార్ పిల్ల ఏడాది తిరక్కుండా పాతిక ముప్పై కిలోలవుతుంది. గొలుసు పట్టుకుని ఒక్క గుంజు గుంజితే ఆ మోకాళ్ల గతి ఏమిటి? పిల్లను ఇవ్వలేదు. కానీ రోజీ మొదటి ఈతలో ఒక ఆడకుక్క, యజమానికి సింగపూర్ బదిలీ అయి, అప్పటికి నా దగ్గరికే తిరిగొచ్చింది. పిల్లతనం పోయి, గంతులు మాని, ఎండలో పడుకోవడమే పనిగా పెట్టుకున్న కుక్క. దాన్ని ఒక వారం ఉంచుకుని చూడమన్నాను. ఆ వారం ఇంకా అయిపోలేదు. తోడు కావాలన్న ప్రతివారికీ కావాల్సింది పిల్ల కాదు.

హైదరాబాద్ కొండాపూర్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ జంట వచ్చారు. తొమ్మిదో అంతస్తు ఫ్లాటు. మనసులో అప్పుడే కాదనేసుకున్నాను. అపార్టుమెంటు సంఘాలు కుక్కల్ని పెంచకూడదని నిషేధించలేవని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది గానీ, చట్టం మన పక్షాన ఉంటే లిఫ్టులో పక్కింటివాళ్లు మన పక్షాన ఉన్నట్టు కాదు కదా. వాళ్లు మాత్రం అన్నీ ముందే చూసుకుని వచ్చారు. ఇద్దరూ ఏ రోజు ఇంటి నుంచి పని, ఏ రోజు ఆఫీసు అన్నది కాగితం మీద రాసి తెచ్చారు. పశువుల డాక్టర్ని ముందే వెతుక్కున్నారు. లిఫ్టులో కుక్కలంటే భయపడే ఒక పెద్దావిడ ఉందట, ఆవిడను అడిగి వచ్చారు! అది విని నా అభిప్రాయం మార్చుకున్నాను. పెద్ద కాంపౌండు ఉన్న ఇంట్లో చాలాసార్లు కుక్క ఆ కాంపౌండులోనే ఒంటరిగా మిగిలిపోతుంది. ఫ్లాటులో అయితే దాన్ని బయటికి తీసుకెళ్లక తప్పదు. వాళ్లకు ఆకుపచ్చ దారం మీద మోజు. నేను నీలిదారం ఇచ్చాను. కొంచెం చిన్నబుచ్చుకున్నారు. రెండు నెలలకు ఫోటో పంపారు. లిఫ్టులో ఆ పెద్దావిడ చెప్పు మీద తల పెట్టుకుని నీలిదారం నిద్రపోతోంది.

ఒక కోళ్లఫారం ఆయన కాపలాకు కావాలని వచ్చారు. పగలంతా గొలుసు, రాత్రి వదులుతారట. ల్యాబ్రడార్ కాపలా కుక్క కాదండీ అన్నాను. న్యూఫౌండ్‌లాండ్ జాలర్ల దగ్గర నీళ్లలో ఈదుతూ పెరిగిన కుక్కల సంతతి ఇది. వేటగాళ్లు కొట్టిన పక్షిని పంటిగాటు పడకుండా తెచ్చివ్వడం దాని వృత్తి. దొంగ వస్తే టార్చిలైటు తెచ్చి చేతికిస్తుంది. కాపలాకు మన ఊరకుక్కను మించింది లేదు. ఎండకు తట్టుకుంటుంది, ఏది పెట్టినా అరిగించుకుంటుంది, అర్ధరాత్రి ఆకు కదిలినా లేస్తుంది. మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు దాటే ఎండలో మంచుదేశపు హస్కీలను పెంచేవాళ్లను, 2003లో టీవీలో వచ్చిన సెల్‌ఫోన్ ప్రకటన చూసి ముక్కు లేని పగ్‌లను కొని, వేసవిలో ఊపిరాడక ఆస్పత్రులకు ఎత్తుకు తిరిగినవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది వేరే ప్రసంగం.

అన్నిసార్లూ నా మాట నెగ్గిందనుకోకండి. మా వీధి చివరి ఇంట్లో ఒక ఎనిమిదేళ్ల బాబు. వాడికి కుక్క అంటే ప్రాణం. వాళ్లమ్మకు కుక్క అంటే చచ్చేంత భయం. నాలుగు ఆదివారాలు వరసగా రండి, భయం తగ్గితే ఇస్తానన్నాను. నాలుగో ఆదివారం కూడా ఆవిడ గేటు బయటే నిలబడింది. వాడు ఏడ్చాడు. నేను ఇవ్వలేదు. పై వారం వాళ్ల నాన్న ఎక్కడి నుంచో ముప్పై రోజుల పిల్లను తెచ్చాడు. ఇప్పుడది వాళ్ల మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన కట్టేసి ఉంటుంది. రాత్రిపూట దాని ఏడుపు మా పెరట్లోకి వినిపిస్తుంది.

కాదనడం మన జాతికి చేతకాని విద్య. పెళ్లి సంబంధాల్లో అయితే "జాతకాలు కుదరలేదండీ" అనే మర్యాద మాట ఒకటి దొరికింది. కుక్కపిల్లకు జాతకం లేదాయె! "ఆ పిల్లను వేరేవాళ్లకు మాటిచ్చేశాం" అని అబద్ధమాడిన సందర్భాలూ ఉన్నాయి. అసలు ముప్పు మాత్రం తెలిసినవాళ్లతోనే.

ఆకుపచ్చ దారం సంగతి అదే. నాతో పాటు పాతికేళ్లు ఒకే బ్రాంచిలో పనిచేసిన ఆయన అడిగారు. ఇంట్లో రెండేళ్ల మనవరాలు, నాలుగేళ్ల మనవడు. లెడ్జర్లో ఆకుపచ్చ పేజీలో నా చేత్తో నేనే రాసుకున్నాను, "రోజుకు రెండు గంటలు పరుగెత్తించాలి. పిల్లల్ని పడేస్తుంది." అయినా ఇచ్చాను. ఎందుకిచ్చానంటే మొహమాటం. మా అమ్మాయి పెళ్లిలో వారం రోజులు సెలవు పెట్టి వడ్డన చేసిన మనిషిని కాదనేదెలా? అయిదు నెలలకు ఆయనే ఆటోలో తీసుకొచ్చారు. సోఫా పోయింది, మనవరాలి పెదవి చిట్లింది. కుక్క మెడ చుట్టూ తాడు ఒరిపిడికి వెంట్రుకలు ఊడి, చర్మం ఎర్రగా ఉంది. ఆయన తప్పు ఒక్కటీ లేదు. పైపెచ్చు, తిరిగి తెచ్చారు. చాలామంది ఊరి చివర వదిలేస్తారు.

తిరిగి తెచ్చారంటే దానికి కారణం కాగితం. పిల్లతో పాటు ఒక ఒప్పందం ఇస్తాను. పెంచలేని రోజు వస్తే, ఏ వయసులోనైనా, ఏ కారణానికైనా, పిల్లను నాకే తెచ్చివ్వాలి. ఇంకొకరికి ఇవ్వకూడదు, అమ్మకూడదు. ఇది కోర్టుకెక్కే కాగితం కాదు. ఆ రోజు వచ్చినప్పుడు సిగ్గుపడకుండా రావడానికి దారి. దాంతో పాటు టీకాల కార్డు, నులిపురుగుల మందు ఎప్పుడెప్పుడు వేశానో ఆ తేదీలు, మా ఇంట్లో ఏం తింటోందో ఆ వివరం, తల్లి పడుకున్న పాత చీర ముక్క. మొదటి రాత్రి అది ఏడుస్తుంది. ఆ చీర ముక్క పక్కన పెడితే కాస్త తగ్గుతుంది.

టీకాల గురించి గట్టిగా చెప్పాలి. మా ఇంట్లో వేయించేది మొదటిది మాత్రమే, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, పదహారో వారం దాకా వేయించాల్సింది మీరు. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. పార్వో అనే వైరస్ 1970ల చివరిలో లోకం మీదికి వచ్చింది. నాలుగు రోజుల్లో రక్తవిరేచనాలతో పిల్లను తీసుకుపోతుంది. ఆ టీకాలు పూర్తయ్యేదాకా నాలుగు కుక్కలు తిరిగే వీధిలో నేల మీద దింపకండి. ఎత్తుకుని తిప్పండి, బజారు చూపించండి, బస్సు చప్పుడు వినిపించండి. చూడాల్సిన కాలం మాత్రం దాటిపోనివ్వకూడదు.

తిండి విషయంలోనూ ముందే మాట్లాడుకోవాలి. శాకాహారుల ఇంటికి ఇవ్వనని కాదు. కానీ పెరుగన్నం ఒక్కటే పెట్టి ల్యాబ్రడార్‌ను పెంచలేరు. కనీసం గుడ్డుకు ఇంట్లో ఒప్పుకుంటారా, లేదంటే కొలత ప్రకారం తయారైన మేత కొంటారా అని అడుగుతాను. ఉల్లిపాయ కుక్క రక్తానికి విషం. మిగిలిన సాంబారు అన్నం పెట్టే అలవాటున్న ఇళ్లకు ఈ మాట రెండుసార్లు చెబుతాను.

డబ్బు తీసుకుంటాను. ఎంతో చెప్పను. మా అమ్మమ్మ ఊళ్లో వీధికుక్క పిల్లను కూడా ఊరికే ఇచ్చేది కాదు. సోలెడు బియ్యమో, బెల్లం ముక్కో పుచ్చుకునేది. ఊరికే వచ్చింది ఊరికే పోతుందనేది. నా లెడ్జర్ చివరి పేజీలో జమాఖర్చులు వేస్తే మిగులు కనిపిస్తుంది గానీ, రాత్రి రెండింటికి లేచిన గంటలకు ఆ లెక్కలో పద్దు లేదు.

ఆకుపచ్చ దారం చివరికి కడియపులంకలో ఒక నర్సరీకి వెళ్లింది. ఎకరాల కొద్దీ మొక్కల వరసలు, పొద్దున్న నుంచి పొద్దుగూకే దాకా బయటే ఉండే మనుషులు. మొదటి వారం రెండు కుండీలు తవ్విపోసిందట. ఆ తర్వాత ఒక పని దొరికింది. గాలికి ఎగిరిపోయే నల్ల ప్లాస్టిక్ సంచులను నోట కరుచుకుని, మొక్కలు నాటే ఆడవాళ్ల దగ్గరికి ఒక్కొక్కటే తెచ్చివ్వడం. ఎవరూ నేర్పలేదు. దాని పూర్వీకులు పక్షులను తెచ్చిచ్చారు, ఇది సంచులు తెచ్చిస్తోంది. పోయిన నెల వెళ్తే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. గుర్తుపట్టిందని మావారు మురిసిపోయారు. నేనేమీ అనలేదు. మా వెనకాలే మొక్కలు కొనడానికి వచ్చినవాళ్ల దగ్గరికీ అంతే పరుగెత్తింది.

రోజీకి ఇప్పుడు ఏడేళ్లు. రెండో ఈత తర్వాత ఆపరేషన్ చేయించాం. అందుచేత ఈ ప్రసంగం విని నా నంబరు కోసం రేడియో స్టేషనుకు ఫోన్ చేయకండి. మా ఇంట్లో ఇక పిల్లలు పుట్టవు. మీ ఇంట్లో పుడితే మాత్రం, అవతలివాళ్లు రంగు అడిగినప్పుడు, మీరు వాళ్ల నిన్నటి రోజు అడగండి.